ఎండాకాలంలో ఊసరవెల్లికి నీళ్లెక్కడివి? పొగమంచు పీల్చి బతుకుతుందన్న మాట ఎంతవరకు నిజం?

కొమ్మచివర:
ఊసరవెల్లులు పెంచేవాళ్లలో ఒక వాదన బాగా నడుస్తోంది. అడవిలో వానల్లేని నెలల్లో అవి రాత్రిపూట పొగమంచును ఊపిరితో లోపలికి తీసుకుని ఆ తేమతోనే నెట్టుకొస్తాయట. అందుకని రాత్రంతా ఫాగర్ (పొగమంచు చిమ్మే యంత్రం) పెడితే చాలు, పగలు నీళ్లు చల్లక్కర్లేదట. పాతకాపులేమో ఆకుల మీది బొట్లు నాకకపోతే బతకవంటారు. పెంపకం సంగతి పక్కన పెట్టండి. అడవిలో జరిగేది ఏది?

తుంపర:
బొట్లు నాకుతాయి, అందులో గొడవ లేదు. కదిలే బొట్టో, ఎండకు మెరిసే బొట్టో కనబడితే నాలుక బయటికొస్తుంది. కానీ పీల్చడాన్ని కొట్టిపారేయకండి. వీల్డ్ కమీలియన్ అనే ఊసరవెల్లి జాతినే తీసుకోండి. యెమెన్, నైరుతి సౌదీ అరేబియా దాని సొంత నేల. యెమెన్ కొండల్లో వసంతంలో కొన్ని వానలు, మళ్లీ జులై నుంచి సెప్టెంబరు దాకా కొన్ని. మిగతా కాలమంతా పొడి. ఏడెనిమిది గంటలు తేమ గాలి పీలుస్తూ నిద్రపోయే జంతువుకు అందులోంచి చుక్క కూడా దక్కదంటే నమ్మమంటారా?

లెక్కలమనిషి:
తుంపర గారూ, చుక్క కూడా దక్కదు. అక్షరాలా.

దట్టమైన పొగమంచులో ఘనపు మీటరు గాలికి అర గ్రాము నీళ్లుంటే గొప్ప. మామూలుగా అంతకంటే చాలా తక్కువే. నిద్రపోయే ఊసరవెల్లి రాత్రి మొత్తం మీద పది లీటర్ల గాలి పీల్చిందనుకుందాం (కావాలనే ఎక్కువ వేశాను). ఆ గాలిలో ఉన్న మంచు నీళ్లన్నీ లోపలే ఉండిపోయినా 5 మిల్లీగ్రాములు. ఆకు చివర వేలాడే బొట్టు ఒక్కటి సుమారు 50 మిల్లీగ్రాములు. అంటే రాత్రంతా కష్టపడి పీల్చింది బొట్టులో పదోవంతు.

ఇక కంటికి కనబడని ఆవిరి. అది ఊపిరితిత్తుల్లో నీరుగా మారాలంటే ఒంటి లోపల బయటికంటే చల్లగా ఉండాలి. రాత్రి ఊసరవెల్లి ఒళ్లు చుట్టూ గాలి ఎంత చల్లనో దాదాపు అంతే చల్లన. తడి గాలి లోపలికి, తడి గాలే బయటికి.

అలాగని పొగమంచు పనికిరాదనను. పొడిగాలి పీల్చినప్పుడు ప్రతి ఊపిరితోనూ కొంత నీరు పోతుంది, చర్మంలోంచీ కొంత పోతుంది. గాలి తేమతో నిండి ఉంటే ఆ నష్టం దాదాపు ఆగిపోతుంది. పొగమంచు జమ పద్దులో రాయాల్సింది కాదు, ఖర్చు పద్దులో కొట్టేయాల్సింది. మూత్రం విషయంలోనూ ఇదే పొదుపు: యూరిక్ ఆమ్లాన్ని తెల్లటి ముద్దగా వదిలేస్తుంది, దానికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు.

తుంపర:
పోకుండా ఆగినా మిగిలినట్టే కదండీ. తేడా ఏముంది?

లెక్కలమనిషి:
పగలు నీళ్లు మానేద్దామన్నది మీ పక్షంవాళ్లే. తేడా అక్కడుంది.

ఇసుకదిబ్బ:
మీరిద్దరూ చెట్టు దిగడం లేదు. నైరుతి ఆఫ్రికాలోని నమీబ్ ఎడారిలో నమాక్వా ఊసరవెల్లి నేల మీదే తిరుగుతుంది. ఆ తీరంలో ఏడాది వాన 20 మిల్లీమీటర్లు దాటని చోట్లున్నాయి. చల్లటి బెంగ్వేలా సముద్ర ప్రవాహం పుణ్యమా అని పొగమంచు మాత్రం లోపలిదాకా వస్తుంది.

ఈ ఊసరవెల్లికి ఇష్టమైన తిండి నల్లటి పెంకు పురుగులు. ఆ కుటుంబంలోదే ఓనిమాక్రిస్ ఉంగిక్యులారిస్ అనే పురుగు. పొగమంచు వచ్చినప్పుడు దిబ్బ మీదికెక్కి తల కిందికి వంచి నిలబడుతుంది, వీపు మీద చేరిన నీరు జారి నోట్లో పడుతుంది. 1976లో హామిల్టన్, సీలీ అచ్చువేసిన కొలతల్లో ఇలా తాగిన పురుగుల్లో కొన్నిటి బరువు మూడోవంతు దాకా పెరిగింది. అలాంటి పురుగును మింగితే పొగమంచు మింగినట్టే. ముక్కుతో కాదు, నోటితో! పైగా నమాక్వాకు ముక్కులో ఉప్పును బయటికి పంపే గ్రంథులున్నాయి కాబట్టి ఉప్పు కడగడానికి నీళ్లు తగలేయదు. పొద్దున నల్లబడి త్వరగా వేడెక్కడం, ఎండ ముదిరితే లేతరంగుకు మారడం కూడా దానికి కలిసొచ్చేవే.

పచ్చాకు:
వీల్డ్ ఆకులు తింటుందిగా! ఎండాకాలం నీళ్లు అవే. దాని తలమీద కిరీటంలా పైకి లేచి ఉండే భాగం కూడా మంచును నోటికి జార్చడానికేనని చాలాచోట్ల రాశారు.

లెక్కలమనిషి:
ఆకులో నీరుంది, కాదనను. కానీ రోజూ నీళ్లు దొరికే పెంపుడువీ ఆకులు కొరుకుతాయి, కాబట్టి దాహం ఒక్కటే కారణం కాదు. కిరీటం కథ మాత్రం నాకు మింగుడుపడదు. అది మగవాటికి పెద్దది, ఆడవాటికి చిన్నది. గుడ్లు మోసే ఆడదానికే నీళ్ల అవసరం ఎక్కువ. నీళ్ల కోసమే పెరిగిన అవయవమైతే ఇలా తిరగబడి ఉంటుందా? చర్మం మీది సన్నటి గాడుల్లోంచి నీటిని నోటిదాకా లాక్కునే బల్లి ఆస్ట్రేలియాలో ఉంది, థోర్నీ డెవిల్. అక్కడ ఆడా మగా ఇద్దరికీ గాడులున్నాయి.

గుడ్డుకథ:
ఎండాకాలం ఎలా గడుపుతాయి అని అడిగారు. కొన్ని గడపవు.

నైరుతి మడగాస్కర్‌లో ఫర్సిఫర్ లాబోర్డి అనే జాతి ఉంది. నవంబరులో వానలతో పాటు పిల్లలు బయటికొస్తాయి, రెండు నెలల్లోపే ఈడుకొస్తాయి, జతకట్టి గుడ్లు పెట్టి వానకాలం ముగిసేలోపు పెద్దవన్నీ దాదాపుగా చచ్చిపోతాయి. గుడ్డు బయట బతుకు నాలుగైదు నెలలు, గుడ్డులో ఎనిమిది తొమ్మిది నెలలు. 2008లో ఈ పరిశోధన అచ్చయింది. పొడి నెలల్లో ఆ జాతి మొత్తం మట్టి కింద గుడ్ల రూపంలోనే ఉంటుంది. శతాబ్దానికి పైగా ఎవరి కంటా పడని ఫర్సిఫర్ ఫోల్ట్‌జ్‌కోవి 2018లో మళ్లీ దొరికింది, దానికి లాబోర్డి దగ్గరి చుట్టమే. ఇదీ వానకాలపు జీవేనని పరిశోధకుల అనుమానం. అన్నాళ్లు కనబడకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఫాగర్ గురించి కొట్టుకునేవాళ్లు ముందు ఏ జాతి అని అడగరెందుకో.

తుంపర:
ఆ గుడ్డు మెత్తటి పెంకుతో చుట్టూ మట్టిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. చివరికి పీల్చడమే గెలిచింది!

లెక్కలమనిషి:
ఊపిరితో కాదు, పెంకుతో. అయినా మట్టి బొత్తిగా ఎండిపోతే ఆ గుడ్డూ ముడుచుకుపోతుంది.

కొమ్మచివర:
అయితే తల్లి ఎంత లోతున తవ్వి పెడుతుందన్నదే అసలు ప్రశ్న అన్నమాట. గుడ్డుకథ గారూ, లాబోర్డి గూళ్ల లోతు గురించి తెలిస్తే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికొస్తాను.