పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలతో సర్వే: మనసు విప్పి మాట్లాడించేదెలా?

నమస్కారం అండీ. ఎంఏ సైకాలజీ ప్రాజెక్టు కోసం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పడం, బరువు పెరగడం, ముఖం మీద వెంట్రుకలు రావడం లాంటివి ఉండే సమస్య) ఉన్న అమ్మాయిలు తమ శరీరం గురించి ఏమనుకుంటారో అడుగుతున్నాను. అమెరికాలో సైకాలజిస్ట్ టోమీ-ఆన్ రాబర్ట్స్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగం చదివాక ఈ టాపిక్ పట్టుకున్నా. ఒకామె బ్యాగులోంచి హెయిర్ క్లిప్ బదులు టాంపన్ (నెలసరిలో ప్యాడ్‌లా వాడేది) జారిపడితే చాలు, ఆమె సమర్థతకే మార్కులు తగ్గించారు, చదివి చాలా బాధేసింది. ఇక్కడ నా ఇబ్బందేమిటంటే, ఆసుపత్రి ఓపీ దగ్గర అమ్మాయిని ఏదడిగినా పక్కనున్న అమ్మో అత్తగారో జవాబు చెప్పేస్తున్నారు, బరువు సంగతి వరకూ పర్లేదు గానీ గడ్డం మీద వెంట్రుకల మాట రాగానే ఆ అమ్మాయి చున్నీ ముఖం మీదికి లాక్కుంటోంది. ఇలాంటి సర్వే చేసినవాళ్లెవరైనా ఉన్నారా? విడిగా మాట్లాడే వీలు ఎలా కల్పించారు? కాగితమిచ్చి రాయించుకుంటే మేలా? పీసీఓఎస్ ఉన్నవాళ్లు కూడా చెప్పండి ప్లీజ్, ఏ ప్రశ్న అడిగితే మీకు నొప్పి కలుగుతుంది?