అంటువ్యాధికి సిబ్బంది సిద్ధమేనా: పరీక్ష మార్కులు సరిపోతాయా, చేయించి చూడాలా?

సిస్టర్_నల్లకుంట:
2020లో కోవిడ్ శిక్షణ చాలావరకు ఫోన్‌లోనే నడిచింది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ దీక్షాలో వీడియో చూడటం, జవాబులు పెట్టడం, సర్టిఫికెట్ తీసుకోవడం. అప్పటి తొందరలో తప్పలేదు. ఇప్పటికీ సర్టిఫికెట్ ఉంటే సిద్ధంగా ఉన్నట్టే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

పీపీఈ (ఒంటికి వేసుకునే రక్షణ కిట్) విప్పే వరుస రాయమంటే అందరూ రాస్తారు: గ్లవ్స్, గాగుల్స్, గౌన్, గది దాటాక ఆఖరున ఎన్95 మాస్కు, చేతుల శుభ్రం. తీసేటప్పుడు మాత్రం చెయ్యి నేరుగా మాస్కు ముందుభాగానికే పోతుంది. కింది ఎలాస్టిక్ ముందు, పైది తర్వాత తియ్యాలి. తిరగేస్తే మాస్కు జారి ఛాతీ మీద పడుతుంది. డ్యూటీ చివర్లో, చెమటకు అద్దాలు మసకబారాక, చదివింది గుర్తురాదు. చేతికి అలవాటైందే వస్తుంది.

క్షయ_వార్డు_డాక్టర్:
సిస్టర్ గారూ, అలవాటు కావాలి, కాదనను. కానీ రోగం గాలిలో వ్యాపిస్తుందా, ముట్టుకుంటే అంటుతుందా తెలియకుండా డ్రిల్ ఒక్కటే చేయిస్తే ప్రతిదానికీ ఫుల్ కిట్టే వేస్తారు. కిట్లు అయిపోతాయి, గాలిలో వ్యాపించే తట్టు (మీజిల్స్) పేషెంటు మాత్రం ఓపీ లైన్లో మాస్కు లేకుండా కూర్చునే ఉంటాడు. గంటకు 12 సార్లు గాలి మారే గదిలో, పేషెంటు వెళ్లాక గాల్లోని క్రిములు 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లే మారితే 46. ఇది తెలియకపోతే ఐదు నిమిషాలకే తర్వాతి వాళ్లను లోపలికి పంపేస్తారు.

శానిటేషన్_ఇన్‌చార్జ్:
ఇద్దరూ నర్సులు, డాక్టర్ల గురించే మాట్లాడుతున్నారు. రక్తమో వాంతో ఒలికితే ముందు వెళ్లేది కాంట్రాక్టు హౌస్‌కీపింగ్ వాళ్లు. చాలాచోట్ల వాళ్లకు పరీక్షా లేదు, డ్రిల్లూ లేదు. 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు పోస్తే 1 శాతం ద్రావణం. ఒలికినచోట గుడ్డ కప్పి, అంచుల నుంచి మధ్యకు పోసి, పది నిమిషాలు ఆగాలి. స్ప్రే కొడితే తుంపర లేస్తుంది. నిన్న కలిపింది, ఎండలో పెట్టింది బలం తగ్గిపోతుంది. అదే బకెట్లో బాత్రూమ్ యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇవి తెలుగులో, ఉర్దూలో నోటితో చెప్పి, కొలత వాళ్ల చేతే పోయించాలి.

సిస్టర్_నల్లకుంట:
నిజమే అన్నా, వాళ్లనూ అదే వరుసలో నిలబెట్టాలి. డాక్టర్ గారూ, మీ 23 నిమిషాలు తలుపు మీద రాసిపెట్టొచ్చు. మాస్కు తీయడం గోడ మీద రాస్తే వచ్చేది కాదు. ఖర్చంటారా, గడువు తీరిన కిట్లు డ్రిల్‌కు వాడండి. అతినీలలోహిత కాంతిలో మెరిసే పొడి గౌన్ మీద చల్లి, విప్పాక చేతులు, మెడ ఆ లైటు కింద పెడితే ఎక్కడ అంటిందో ఎవరిది వాళ్లకే కనిపిస్తుంది.

క్షయ_వార్డు_డాక్టర్:
సరే, ఒక్క షరతు. డ్రిల్‌కు ముందు కేసు చెప్పాలి, అదీ ప్రతిసారీ మారుస్తూ ఉండాలి: ఒకసారి తట్టు, ఇంకోసారి కలరా. ఏం వేసుకోవాలో, ఏది అక్కర్లేదో వాళ్లే చెప్పాకే కిట్ చేతికివ్వాలి.