పాత మారుతీ గేరుబాక్సు: బ్లాస్టింగ్‌కి ఇచ్చేయాలా, చేత్తో కడుక్కోవాలా?

కోటజంక్షన్_800 (విజయనగరం)
మా నాన్నగారి 1985 మారుతీ 800 ఇంజను దింపాం. గేరుబాక్సు కేసింగూ, ఇన్‌టేక్ మానిఫోల్డూ (ఇంజనుకి గాలీ పెట్రోలూ అందించే గొట్టాల భాగం) రెండూ అల్యూమినియం. ఆయిలు జిడ్డూ మట్టీ కలిసి వేలి మందాన గట్టిపడిపోయాయి. ఒక మూల చెక్కపుల్లతో గోకి చూశాను. పోత పోసిన నాటి బూడిద రంగు అలాగే ఉంది, పక్కన పసుపు పెయింటు చుక్క కూడా. మెకానిక్కేమో బ్లాస్టింగ్ (ఇసకో గాజు పూసలో గాలి ప్రెషర్‌తో కొట్టి శుభ్రం చేయడం) చేయించేద్దాం, కొత్తదానిలా మెరుస్తుంది అంటున్నాడు. ఒరిజినల్ ఫినిషింగ్ పోకూడదని నా పట్టు. ఏం చెయ్యమంటారు?

రాజాం_గ్యారేజీ
ఇచ్చీ గురూ. బ్లాస్టింగంటే అందరూ ఇసకే అనుకుంటారు. ఇసక కోసేస్తాది, ఆ ధూళి ఊపిరితిత్తులకీ చేటే, కాదన్ను. గాజు పూసలు అలగ కాదు. గుండ్రంగా ఉంటాయి, ప్రెషర్ తగ్గించి కొడితే మట్టినేల మీద దిమ్మిస వేసినట్టు పైపైన సదును చేస్తాయంతే. బ్రష్షు పట్టుకుని రోజంతా కూకోడానికి ఓపికెవడికి ఉంది?

ఉప్పుగాలి (కళింగపట్నం)
ఆ సదును చెయ్యడమే వద్దంటున్నాను అన్నా. అచ్చులోంచి వచ్చిన గరుకు సదునైపోయాక ఇంక ఒరిజినల్ ఎక్కడిది? మెరిసే గేరుబాక్సుతో ఆ బండి షోరూములోంచి రాలేదు. పైగా పూసలు ఆయిలు దారుల్లో, బోల్టు రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. బేరింగులోకి నాలుగు జారితే చాలు, గేరుబాక్సు మళ్లీ దింపాల్సిందే.

బుడితి_పక్కఊరు
ఇంత రాద్ధాంతమెందుకు? మావైపు ఇత్తడి సామాను చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది. లొంగకపోతే బాత్రూం యాసిడ్‌లో కాస్త నీళ్లు కలిపి కొట్టండి.

పాలకొండ_రోడ్డు_మాష్టారు (శ్రీకాకుళం)
బాబూ, ఆ యాసిడ్ సీసా పక్కన పెట్టండి ముందు. ఇత్తడి లెక్క వేరు, అల్యూమినియం లెక్క వేరు. దీని మీద కంటికి కనిపించనంత పల్చటి ఆక్సైడు పొర ఉంటుంది, లోహాన్ని కాపాడేది అదే. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 వరకూ ఆ పొర నిలబడుతుంది. అటు యాసిడ్‌కీ కరుగుతుంది, ఇటు క్షారానికీ కరుగుతుంది. బాత్రూం యాసిడ్ హైడ్రోక్లోరిక్. అందులోని క్లోరైడు సందుల్లో మిగిలిపోతే తర్వాత గుంటలు పడతాయి. కాస్టిక్ సోడా ఇంకా ఘోరం: బుసబుసా హైడ్రోజన్ పొంగుతుంది, భాగం నల్లబడుతుంది. బజారులో దొరికే ఇంజను డీగ్రీజర్లలో కొన్ని క్షారాలే. డబ్బా మీద అల్యూమినియంకి వాడొచ్చని ఉంటేనే తీసుకోండి.

నేనైతే మొదట చెక్క గరిటెతో మందపు జిడ్డు తీసేసి, డీజిలు రాసి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున్న నైలాన్ బ్రష్షు, గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు. కడిగిన వెంటనే గాలి కొట్టి ఆరబెట్టాలి. స్టీలు బ్రష్షు ముట్టుకోవద్దు. దాని ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి తుప్పు మరకలు కక్కుతుంది, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో మరీను. ఇంకోటి, కార్బొరేటర్ని కూడా దీంతో కలిపేయకండి. అవి చాలావరకు జింకు మిశ్రమం పోతలు.

రాజాం_గ్యారేజీ
మాష్టారూ, మీరు చెప్పింది జిడ్డుకి పనికొస్తాది. తెల్లగా పొడి రాలే తుప్పుకి ఏటి సేత్తారు? సబ్బుతో అది కదల్దు. సెలవులున్నోళ్లకి మీ పద్ధతి, షాపు నడిపేవాడికి నాది.

పాలకొండ_రోడ్డు_మాష్టారు
అది ఒప్పుకుంటాను. తెల్ల తుప్పు పట్టిన చోట పైచర్మం ఎలాగూ పోయింది, కాపాడ్డానికి ఏమీ మిగల్లేదు. అక్కడ మీ పూసలు కొట్టండి, కాకపోతే రంధ్రాలన్నీ బిగించి. ఈ అబ్బాయి దానికి మాత్రం జిడ్డు తప్ప జబ్బు లేదు.

ఉప్పుగాలి
నీళ్లు కలిపి కొట్టే వేపర్ బ్లాస్టింగ్ మెత్తగా ఉంటుందని అంటారేమో, ముందే చెప్తున్నా, దాని మెరుపూ ఫ్యాక్టరీది కాదు.

కోటజంక్షన్_800
డీజిలు రాసేశాను, ఇంట్లో వాసనకి తిట్లు మొదలయ్యాయి. మానిఫోల్డుకి తెల్ల తుప్పు ఒక్క అంచునే ఉంది, దాన్నలాగే వదిలేస్తా. మాష్టారూ, ఆ పసుపు చుక్క మీద డీజిలు పడకుండా గ్రీజు రాసి ఉంచాను. గ్రీజు వల్ల పెయింటు మెత్తబడుతుందా?