ఛాయ గర్భనిరోధక మాత్రలు వాడినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

నమస్కారం అండీ. నాకు 23 ఏళ్ళు, పెళ్ళయి ఏడు నెలలైంది. నా బీఈడీ పూర్తయ్యేదాకా పిల్లలు వద్దని నేనూ మా ఆయనా అనుకున్నాం. మొదట్లో కండోమ్ వాడాం. రెండుసార్లు పొరపాటు జరిగి, మెడికల్ షాపులో 72 గంటల మాత్ర తెచ్చి వేసుకున్నాను. అది అత్యవసరానికే గానీ మాటిమాటికీ వేసుకునేది కాదని తర్వాత తెలిసింది.

మా ఊరి ఆశా అక్కని అడిగితే ఛాయ మాత్రలు ఇచ్చింది. ఉచితమే, పైగా ఇందులో హార్మోన్లు ఉండవు. మొదటి 3 నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకటి. నెలసరి మొదటి రోజు ఆదివారం వచ్చింది కాబట్టి నావి ఆది, బుధవారాలు. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని మరీ వేసుకుంటున్నాను, ఒక్కటి కూడా మర్చిపోలేదు.

ఇది రెండో నెల. నెలసరి 12 రోజులు ఆలస్యమైంది. ఇంట్లో రెండుసార్లు టెస్ట్ చేసుకుంటే ఒక్క గీతే వచ్చింది. ఈ మాత్రలతో ఆలస్యం మామూలేనని అక్క అంటోంది, అయినా రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మీకూ ఇలా జరిగిందా? ఎన్ని నెలలకి కుదుటపడింది? ఇంకెన్ని రోజులు చూసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?

ఇంకో మాట. తొలి కాన్పుకి ముందు మందులు మింగితే ఇక కడుపు పండదని మా అత్తగారు పక్కింటావిడతో అనగా విన్నాను. నేను వాడుతున్నట్టు ఆవిడకి తెలియదు. మాత్రలు మానేశాక గర్భం వచ్చినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.