డీకేటీ పట్టా భూమి యాభై ఏండ్లు దున్నినా గవర్నమెంటుదేనా?

గుట్టకింద_తోట:
అన్నలూ మాది కార్వేటినగరం పక్క పల్లె. మా అబ్బకి 1968లో ఇచ్చిన డీకేటీ పట్టా (భూమి లేనోళ్ళకి గవర్నమెంటు ఇచ్చే పట్టా) ఉండాది, రెండెకరాల పద్నాలుగు సెంట్లు, ఒట్టి రాళ్ళ నేల, మా నాయన రాళ్ళు ఏరి గట్టు పోసి బిందెలతో నీళ్ళు మోసి తోతాపురి చెట్లు పెట్టినాడు. చెల్లి పెండ్లికని అరెకరా అమ్ముదామని పోతే 22ఏ నిషేధిత భూముల లిస్టులో ఉంది, రిజిస్టర్ కాదు పొమ్మన్నారు. శిస్తు రసీదులన్నీ ట్రంకు పెట్టెలో ఉండాయి. 2023లో ఇరవై ఏండ్లు దాటితే అమ్ముకోవచ్చని చట్టం తెచ్చినారు కదా, అదేమయింది? ఇంకో డౌటు, నవ్వకండి, అసలు ఈ గుట్ట కింద నేల గవర్నమెంటుది ఎప్పుడయింది, ఎవురి దగ్గర కొన్నారంట?

పాత_అడంగల్:
నవ్వేదేముంది తమ్ముడూ, అసలు అడగాల్సింది అదే. ఎవురి దగ్గరా కొనలేదు. మీది జమీందారీ ఊరు. 1948 ఎస్టేట్స్ చట్టంతో జమీ రద్దయినప్పుడు రైతు దున్నుకుండే నేలకి రైత్వారీ పట్టా (సొంత హక్కు పట్టా) ఇచ్చినారు, మిగిలిన బీడు, మేత, అడివి, పోరంబోకు అంతా గవర్నమెంటు పేరు మీదికి పోయింది. అంటే సెటిల్మెంటు (జమీ రద్దయినాక చేసిన భూముల లెక్క) రోజు ఎవురి పేరూ రాయనిదల్లా సర్కారుదే. అందుకే మీరు సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ (ఆ లెక్క రాసిన రిజిస్టరు) చూడాల, జమీందారు లేని రైత్వారీ ఊర్ల మాదిరి ఆర్ఎస్ఆర్ (ఆ ఊర్ల పాత భూముల రిజిస్టరు) పట్టుకుంటే మీకు పని జరగదు.
పట్టా తిప్పి వెనకాల చదువు, కండిషన్లు ఉంటాయి. 1954 జూన్ 18 జీవో 1142 నుంచి ఆంధ్రా ఏరియాలో ఇచ్చిన పట్టాలకి వారసులు తినొచ్చు గానీ అమ్మకూడదనే షరతు పెట్టినారు. దానికి ముందు ఇచ్చినవాటి లెక్క వేరే. మీది 68 కాబట్టి షరతు ఉంటుంది. ఇట్లా ఇచ్చిన భూములు అమ్మకూడదన్న 1977 చట్టం వచ్చినాక కొన్నోడికీ కేసే.

తిరుపతి_మామ:
2023 చట్టం సంగతి నేను చెప్తా. ఇరవై ఏండ్లు అసలు పట్టాదారో వారసులో అనుభవంలో ఉంటే ఫ్రీహోల్డ్ (అమ్ముకునే హక్కుతో సొంతం) అన్నారు, జనం సంబరపడినారు, 2024లో గవర్నమెంటు మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపేసి విచారణ అన్నారు. అదే ఏడు జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలొచ్చి రెవెన్యూ ఫైళ్ళు కాలిపోయినాయి, పేపర్లో చూసే ఉంటావు. ఎలక్షన్ ముందు పట్టా పంచేదానికి ఫోటో దిగుతారు, తర్వాత దాన్నే లిస్టులో పెడతారు, ఏ పార్టీ అయినా అంతే. కాకపోతే ఒకటి ఒప్పుకోవాల, ఆ షరతే లేకుంటే బైపాస్ పక్కన పేదోళ్ళ డీకేటీలన్నీ బాకీ కింద ఎప్పుడో పోయుండేవి. ఎకరా ధర ఏడికి పోయిందో చూస్తా ఉండావు కదా.

మేకలమంద:
అందురూ పట్టా పట్టా అంటా ఉండారు, మా మాట ఒకటి వినండబ్బా. మా ఊర్లో మందబయలు ఉండె, రికార్డులో మేత పోరంబోకు. కొంత పట్టాలిచ్చినారు, కొంత ఆక్రమించినోళ్ళు బీ మెమో జరిమానా కట్టి ఆ రసీదునే పట్టా మాదిరి చూపిస్తా ఉండారు (బీ మెమో అంటే ఆక్రమణ చేసినావని నోటీసు, హక్కు కాదు). ఇప్పుడు మా అవ్వ మేకల్ని రోడ్డు గట్టున కంప చెట్లకి తోలతా ఉంది. ఊరుమ్మడి నేల ఆక్రమిస్తే ఖాళీ చేయించండని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మా ఊర్లో ఎవురికి చెప్పేది? తమ్ముడి తోట మీద నాకు కోపం లేదు, అదీ ఒకప్పుడు ఎవురి మేకలో తిరిగిన గుట్టే అంటున్నా.

గుట్టకింద_తోట:
అక్కా నిజమే, మా అబ్బ కూడా గొర్లు మేపినోడే. పట్టా వెనకాల చూసినా, మడత కాడ చిరిగింది గానీ "అన్యాక్రాంతం చేయరాదు" అని చదవడానికొస్తా ఉంది. అమ్మేది మానుకుని తోట మీద క్రాప్ లోన్ అడగతాము. ఆ ఫెయిర్ అడంగల్ కాపీకి ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ ఇస్తే చాలా, లేకుంటే చిత్తూరు రికార్డు రూముకి పోవాలా అన్నా?

పాత_అడంగల్:
ముందు ఎమ్మార్వో ఆఫీసులోనే రాసియ్యి, అక్నాలెడ్జిమెంట్ తీసుకో. లేదంటే లేదని రాసియ్యమను, ఆ కాయితం పట్టుకుని చిత్తూరు పో.