ఏఐతో రాయించిన పాఠాన్ని ఇతరులకు ఇవ్వాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: జీవశాస్త్రం టీచరు, జడ్పీ హైస్కూలు

కిరణజన్య సంయోగక్రియకు పత్రహరితం అవసరమని నిరూపించే ప్రయోగం మీద, పదో తరగతి కోసం ఏఐ చేత పాఠ్య ప్రణాళిక రాయించాను. భాష బాగానే కుదిరింది. పిల్లలను అడగడానికి ఇచ్చిన ప్రశ్నలు కూడా ఆలోచింపజేసేవే. అయితే ఆకులోని పత్రహరితాన్ని తొలగించే దశలో, ఆకును స్పిరిట్‌లో వేసి "సన్నని మంట మీద మరిగించండి" అని ఉంది, వాటర్‌బాత్ (మంట తగలకుండా వేడినీళ్లలో ఉంచి వేడిచేయడం) ఊసే లేదు. ఆ దశను సరిచేశాను. ఇప్పుడు మండలంలోని తోటి ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని అడుగుతున్నారు, వచ్చే ఏడాది నేనూ వాడుకోవాలనుకుంటున్నాను. వారికి ప్రాంప్ట్ (ఏఐకి నేను రాసిచ్చిన ఆదేశం) పంపితే సరిపోతుందా, పాఠమే పంపాలా? పిల్లల చేత నేరుగా ఏఐని ప్రశ్నలు అడిగించవచ్చా? మా తరగతిలో ఉన్నది ఒక్క డిజిటల్ ప్యానెల్ మాత్రమే.

జవాబు 1: విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

ప్రాంప్ట్ పంపకండి మేడమ్. అదే ప్రాంప్ట్‌కు రేపు మరొకరికి మరో రకమైన జవాబు వస్తుంది, అందులో ఏ దశ జారిపోయిందో చూసే ఓపిక అందరికీ ఉండదు. మీరు సరిచేసిన పాఠాన్నే పీడీఎఫ్‌గా పంపండి.

స్పిరిట్ సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, దాని ఆవిరికి మంట తగిలితే భగ్గున అంటుకుంటుంది. కాబట్టి ఆకు, స్పిరిట్ ఉన్న పరీక్షనాళికను వేడినీళ్ల బీకరులో నిలబెట్టాలని, నీళ్లు కాగాక దీపం ఆర్పిన తరువాతే స్పిరిట్ సీసా మూత తీయాలని, ఈ పని ఉపాధ్యాయుడే చేసి చూపాలని ఒక గడిలో పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద "ఈ దశను మార్చరాదు" అని చేర్చండి. మిగతావి ఎవరి వీలును బట్టి వారు మార్చుకోవచ్చు: క్రోటన్ దొరకకపోతే తెల్ల మచ్చలున్న మనీప్లాంటు ఆకు చాలు. మొక్కను ముందుగా రెండు మూడు రోజులు చీకట్లో ఉంచాలన్న సంగతి మాత్రం మొదటి పేజీలోనే రాయండి. లేకపోతే పాఠం చెప్పే రోజు ఉదయం ఆ పేజీ తెరిచినవారికి ప్రయోగం కుదరదు.

ఏ ఏడాది పాఠ్యపుస్తకంతో సరిచూశారో కూడా రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి కనుక, పాత నోట్సులోని పేజీ నంబర్లు ఇప్పుడు దేనికీ సరిపోవడం లేదు.

జవాబు 2: పదో తరగతి విద్యార్థి తండ్రి, న్యాయవాది

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది, వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన సమ్మతి తీసుకోవాలంటుంది. తరగతి గదుల్లో ఇలాంటి సాధనాల వాడకానికి కనీస వయసు 13 ఏళ్లుగా ఉండాలని యునెస్కో 2023లో సూచించింది, కానీ ఆ వయసు దాటినంత మాత్రాన మన చట్టం అడిగే సమ్మతి అవసరం తీరిపోదు. పిల్లల చేత ఖాతాలు తెరిపించకండి. ప్యానెల్ మీద మీరే ప్రశ్న టైపు చేయండి. అందులో పిల్లల పేరు, మార్కులు, జవాబు పత్రం ఫొటో ఏదీ ఉండకూడదు. ఒక తండ్రిగా నేను ముందుగా అడిగేది ఇదే.

జవాబు 3: కంప్యూటర్ ఉపాధ్యాయురాలు

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట. అంతా సరిచేసిన పాఠమే ఇస్తే, ఏఐ తప్పు చెప్పగలదని పిల్లలకు తెలిసేదెలా? ప్రమాదం లేని తప్పును ఒకదాన్ని ఎంచుకోండి. ఉదాహరణకు, "మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయి" అన్న వాక్యం ఏదైనా జవాబులో కనబడితే దాన్ని అలాగే ముద్రించి, పాఠ్యపుస్తకంతో పోల్చి కాదనడానికి ఆధారం చూపమని జట్లుగా అడగవచ్చు. దీనికి తరగతిలో ఇంటర్నెట్ కూడా అక్కరలేదు, మా బడిలో అది ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. పీడీఎఫ్‌నే పంపుతాను, శ్వాసక్రియ వాక్యాన్ని విడి కాగితంగా జతచేస్తాను. మార్చరాని గడిని నేను రాశాక, స్పిరిట్ దశను స్వయంగా చేయించిన మరో జీవశాస్త్ర ఉపాధ్యాయుడు చదివి సంతకం చేసేదాకా ఎవరికీ పంపను. మాస్టారూ, వాడిన స్పిరిట్‌ను ఎక్కడ పారబోయాలన్న విషయం ఏఐ రాయలేదు, పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మీరు ఏం చేయించేవారు?

విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

సింకులో పోయనిచ్చేవాణ్ణి కాదు. మూత గట్టిగా బిగిసే సీసాలో పోయించి, "వాడిన స్పిరిట్" అని చీటీ అంటించి, తాళం వేసే అల్మారాలో పెట్టించేవాణ్ణి. తరువాతి సెక్షన్ ప్రయోగానికి అదే మళ్లీ పనికొస్తుంది.