అపోప్టోసిస్‌ని "కణ ఆత్మహత్య" అనాలా, "కణం రాలడం" అనాలా?

అపోప్టోసిస్ అంటే ముందే నిర్ణయమైన పద్ధతిలో కణం తనంతట తానే చనిపోవడం. ఒక తెలుగు పాఠం సరిచూస్తుంటే దానికి "కణ ఆత్మహత్య" అని కనిపించి అక్కడే ఆగిపోయాను. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు అపోప్టోసిస్ అన్న మాటని వాడుకలోకి తెచ్చారు, వాళ్లకి దాన్ని సూచించింది స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో గ్రీకు ప్రొఫెసర్ జేమ్స్ కార్మాక్. గ్రీకులో అర్థం పూరేకులో ఆకులో రాలిపడటం, అంతే. చావన్న ఊసే లేదు, ఇక హత్య ఎక్కడిది? మనకి "రాలు" అనే చక్కటి క్రియ ఉండగా పోలీసు కేసులా రాయడమెందుకు!

— బాగుంది గానీ, ముందే నిర్ణయమైందన్న భావం "రాలడం"లో ఎక్కడుంది? పైగా రాలిన ఆకు కింద పడి ఉంటుంది, ఈ కణం ముడుచుకుని ముక్కలైతే పక్క కణాలే మింగేస్తాయి.

— ఆకు ఊరికే రాలదండీ, తొడిమ మొదట్లో చెట్టే ఒక పొర కట్టి దాన్ని వదిలించుకుంటుంది, గాలికి తెగిపడటం వేరు. మింగడం దగ్గర మాత్రం పోలిక ఆగిపోతుంది, ఒప్పుకుంటాను.

— "కణపాతం" అంటే?

— వర్షపాతంలా ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతారు.

— నన్నడిగితే అసలు తికమక ప్రొటీన్ల పేర్లతో. డీఏపీ3 అంటే "చావుతో సంబంధమున్న ప్రొటీన్ 3", కణమరణం మీద పని చేస్తుంటే 1995లో బయటపడింది కాబట్టి ఆ పేరు. తర్వాత చూస్తే అది మైటోకాండ్రియాలో (కణంలో శక్తి తయారయ్యే చోటు) ఉండే రైబోజోమ్‌కి ఉన్న రెండు భాగాల్లో చిన్నభాగపు ప్రొటీన్, అంటే కణానికి శక్తి తయారవడానికి కావలసిన 13 ప్రొటీన్లని అల్లే యంత్రంలో ఒక ముక్క. అది లేకుండా చేసిన ఎలుకల పిండాలు పుట్టకముందే పోయాయి, పేరేమో చావు! పీడీసీడీ9 (ఇదీ కణమరణం మీద పెట్టిన పేరే) కథ ఇంకా విచిత్రం, దానికి తర్వాత ఎంఆర్‌పీఎస్30 అని పెట్టారు, ఎంఆర్‌పీ అంటే మైటోకాండ్రియా రైబోజోమ్ ప్రొటీన్, ఎస్ అంటే చిన్నభాగం, తీరా రైబోజోమ్ నిర్మాణం దగ్గరగా చూస్తే అది పెద్దభాగంలో కూర్చుని ఉంది.

— అయితే వీటి పేర్లు అనువదించకుండా అక్షరాలతోనే ఉంచేద్దాం. "డీఏపీ3 ఎక్కువైతే కణం రాలిపోతుంది" అని రాస్తే ఎవరికైనా అర్థం కాకుండా పోతుందా?

— మొదటిసారి పక్కన అపోప్టోసిస్ అని కూడా రాయండి, పరీక్ష రాసే పిల్లలకి ఆ మాటే కావాలి.